యాభై ఐదు అడుగులకు మొదటి హెచ్చరికా?

2023 వానాకాలం. భద్రాచలంలో ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ప్రోగ్రామింగ్ నేర్పుతున్నాను. స్లాబు గది టైపింగ్ తరగతికి ఇచ్చి నాకు రేకుల గది ఇచ్చారు. వాన పడితే నా పాఠం నాకే వినబడదు. దీని మీద యజమానికి అర్జీల మీద అర్జీలు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. అది అలా ఉంచి నాగమణి సంగతి చెప్పాలి.

నాగమణిది పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. ఇంట్లో బట్టలు కుడుతుంది. భర్త వెంకన్న ఆటో నడుపుతాడు. నా తరగతిలో ప్రశ్నలు అడిగే మనిషి ఆమె ఒక్కతే.

ఎవరైనా చూసి, వాడుకుని, మెరుగుపరిచేలా అందరి ముందూ పెట్టిన ప్రోగ్రాములను ఓపెన్ సోర్స్ అంటారు. అందులో కొత్తగా నేర్చుకునేవారి కోసం ఒక సంకలనం ఉంది. నిండా స్నిపెట్లే, అంటే ఒకే పని చేసే నాలుగైదు వరుసల కోడ్. మనం రాసింది చేర్చమని పంపే విన్నపం పుల్ రిక్వెస్ట్. దాన్ని పరిశీలించేవాడు మెయింటెయినర్. అతను ఒప్పుకుని కలిపేస్తే మెర్జ్ అయినట్టు.

నాగమణి మొదట ఎక్కాల స్నిపెట్ పంపింది. "ఇది ఇప్పటికే ఉంది" అని ఒక్క ముక్క రాసి మూసేశాడు మెయింటెయినర్. కొత్తవారికి స్వాగతం అని గుమ్మంలో రాసుకుని, వచ్చిన మనిషికి మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపిస్తారా అని నేను ఇంగ్లీషులో పేజీన్నర రాశాను. బదులుగా బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. అది ఒప్పుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తేలలేదు.

"మీరు కొట్లాడకుండ్రి సార్" అంది నాగమణి. "ఇంకొకటి రాస్త. అది గూడ వాపసొస్తె మానేస్త. మిషిన్ మీద కూసుంటె జాకెట్లన్న అయితయ్."

"ఏం రాస్తవమ్మా?"

"మన గోదారి రాస్త."

భద్రాచలం దగ్గర నీటిమట్టం నలభై మూడు అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. నీటిమట్టం ఇస్తే ఏ హెచ్చరికో చెప్పే స్నిపెట్ రాసింది. నలభై నాలుగు ఇచ్చి చూశాం. సరిగ్గా చెప్పింది. పంపించాం.

"ఆలోచన బాగుంది. కానీ యాభై ఐదు ఇస్తే మొదటి హెచ్చరిక అంటోంది. సరిచేయగలరా?" అని రెండు రోజులు ఆగాక జవాబు వచ్చింది. ఆ 'కానీ' నాకు నచ్చలేదు. అయితే మాట నిజం. 'ఇన్ని అడుగులు దాటితే' అనే షరతులను నాగమణి చిన్న అంకె నుంచి రాసింది. కంప్యూటర్ వాటిని పైనుంచి చదువుతుంది. సరిపోయిన మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది. యాభై ఐదు కూడా నలభై మూడు కంటే ఎక్కువే కదా!

భార్యను తీసుకుపోవడానికి వచ్చిన వెంకన్న గుమ్మంలోంచి విన్నాడు. "గంత నీళ్ళొస్తె మొదటిదా? నీ కంప్యూటర్ను నమ్ముకుంటె బర్రెలతోటి మనం గూడ కొట్టుకపోతం."

"నువ్వాగు జర!"

"మూడోది అన్నిటికంటె పైన రాయమ్మా, అయిపోతది" అన్నాను.

"అట్లెట్ల రాస్త సార్? నీళ్ళు కిందికెల్లి మీదికొస్తయ్. మొదటిది రాకముందుకే మూడోదెట్లొస్తది?"

"ఇది నీళ్ళ సంగతి కాదు. కంప్యూటర్ సంగతి."

"మరి గోదారని పేరెందుకు పెట్టినం?"

ఇన్నేళ్ళలో ఆ పాఠానికి ఎవరూ అలా ఎదురు చెప్పలేదు. మనసు కష్టపెట్టుకుని పుస్తకాలు సర్దుకున్నాను. ఆమె మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు.

"జల్దీ తెమలరాదె, ఆటోల సవారీలు ఎదురుచూస్తున్నరు" అన్నాడు వెంకన్న.

"ఏమయ్యా, మొన్న నీళ్ళు దిగేటప్పుడు మైకుల ఏమన్నరు?"

"ఏమంటరు? ముందుగాల మూడోది ఎత్తేసినమన్నరు. ఎనక రెండోది. ఆఖరికి మొదటిది."

నాగమణి బల్ల మీద చరిచింది. "అగో! ఎక్కే నీళ్ళు గాదు సార్, దిగే నీళ్ళు రాయాలె!"

వరస తిరగేసింది. యాభై ఐదు, నలభై తొమ్మిది, నలభై నాలుగు, నలభై, అన్నీ ఇచ్చి చూశాం. ఒక్కటీ తప్పలేదు. 'తగ్గే వరదలా పైనుంచి కిందికి చదవండి' అని ఇంగ్లీషులో ఒక వివరణ వాక్యం కూడా చేర్చి పంపింది. ఆటోలో సవారీలు ఎప్పుడో దిగిపోయారు. వెంకన్న లోపలికొచ్చి తెర వంక చూస్తున్నాడు.

మర్నాడు తరగతి మధ్యలో మెర్జ్ అయినట్టు తెర మీద కనబడింది. కింద మెయింటెయినర్ రాసిన మాట: "మీ వివరణ వాక్యాన్ని షరతుల గురించి మా పాత పాఠంలో కూడా వాడుకోవచ్చా?"

నాగమణి రెండుసార్లు చదివింది. "అంటే, మనల్ని అడుగుతుండా సార్?"

"అవునమ్మా, అడుగుతున్నడు."

"గట్లయితె రెండు దినాలు ఆగుమనుండ్రి."

తరగతంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది నేనే.

కొన్నాళ్ళకు ఎక్కడి నుంచో ఒక కొత్త విద్యార్థి ఆ స్నిపెట్ కింద, మూడో హెచ్చరిక వస్తే మీరేం చేస్తారని అడిగాడు. నాగమణి నన్ను అడక్కుండానే ఇంగ్లీషులో జవాబిచ్చింది: "అప్పటికి మేం ఇంట్లో ఉండం. రెండోదానికే బయల్దేరతాం." ఆమె కోర్సు మానలేదు.

షరతుల పాఠాన్ని నేనిప్పుడు సూత్రంతో మొదలుపెట్టను. మీరు కళ్ళారా చూసినదేదైనా చెప్పండి, అదెలా వస్తుంది, ఎలా పోతుంది అని అడుగుతాను. వచ్చే వరస అందరూ గడగడా చెప్పేస్తారు. పోయే వరస అడిగేసరికి ఆగి ఆలోచిస్తారు. నా పాఠం అక్కడ మొదలవుతుంది.