గడప దాటనివ్వని ముక్కు

ఆ రోజుల్లో జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఎవరు బయటికి వెళ్లాలన్నా నా ముక్కు ఒప్పుకోవాలి. ఎనిమిదో తరగతిలో మొదలైంది నా బాధ. అంతకుముందు కళ్లు టపటపలాడించేదాన్ని (కళ్లజోడు కొనిచ్చి నయం చేశామనుకున్నారు). అది పోయి, ముక్కులోంచి 'హ్చుం' అని ఒక చప్పుడు, దానితోపాటు తలకో కుదుపు పట్టుకున్నాయి. కాసేపు ఆపుకోగలను. కానీ లోపల దురదలాంటిదేదో పెరిగి పెరిగి, ఆపినవన్నీ వరసగా వచ్చేవి. "ఆపుకోగలవుగా, మరి ఆపుకో" అనేది అమ్మ. నాన్న కసిరేవాడు. ఎవరు మానెయ్యమన్నా, ఆ మాటకే ఇంకో నాలుగు వచ్చేవి.

నాయనమ్మ లెక్కలో మాత్రం అది తుమ్ము. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ లేవాలి. జంట తుమ్మైతే దోషం లేదు. (నాది గడప దగ్గర ఎప్పుడూ ఒంటిదే.)

చివరికి నాన్న నందిగామలో పిల్లల డాక్టరుగారి దగ్గర నా పేరు రాయించాడు. పదకొండు దాటితే ఆయన చూడరు. తొమ్మిదిన్నర బస్సుకని బయల్దేరామో లేదో, 'హ్చుం'. "కూర్చోండ్రా," అంటూ నాయనమ్మ చెంబు తెచ్చింది. తాగి లేచాం. మళ్లీ వచ్చింది. మళ్లీ చెంబు. "అమ్మా, దీనికోసమేగా వెళ్లేది," అన్నాడు నాన్న. "అందుకేరా, మంచి గడియలో వెళ్లాలి," అంది నాయనమ్మ. మూడోసారికి నాన్న నన్నే బతిమాలాడు: "ఇంకొక్కటి తుమ్మవే తల్లీ, జంటైపోద్ది." ఏడాదిగా మానెయ్ మానెయ్ అని చంపుకుతిన్న మనిషి! ఎంత తన్నుకున్నా ఆ ఒక్కటీ రాలేదు. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండి చెంబు విసిరికొట్టా. "నేను కావాలని చెయ్యట్లేదు. అది తుమ్మూ కాదు. ఒక్కళ్లన్నా నమ్మండి," అని భోరుమన్నా.

నాన్న స్కూటర్ తీశాడు. ఎక్కుతుంటే మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన ఆగలేదు.

డాక్టరుగారు అంతా విని, "వీటిని టిక్స్ అంటారండి. పిల్లల్లో మామూలే. కావాలని చేసేవి కావు. కంగారుపడినా, ఎవరన్నా అదేపనిగా గమనించినా ఎక్కువవుతాయి. ఇప్పటికి మందు అక్కర్లేదు," అన్నారు. "మరి మానమని చెప్పొద్దాండీ?" అని అడిగాడు నాన్న. "ముందు అది మీరు మానండి," అన్నారాయన.

తిరుగు దారిలో టీ కొట్టు దగ్గర నాన్న గ్లాసులోకి చూస్తూ, "నావల్లే ఎక్కువైందంటావా?" అన్నాడు. ఈ ప్రశ్నకి నా దగ్గర ఏడాదిగా కూడబెట్టిన జవాబులున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. తీరా నోట్లోంచి వచ్చింది, "లేదులే నాన్నా" అని.

ఇంటర్ అయ్యేసరికి నా టిక్స్ చాలావరకు తగ్గాయి. ఆ పదమూడేళ్ల పిల్ల తలపుకొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత కోపం మోసుకుని నందిగామ దాకా వెళ్లి, అడిగిన మనిషి మొహం చూసి అంతా అక్కడే వదిలేసి వచ్చింది పిచ్చిది.