పాలలో నీలిచుక్క

ఎల్బీనగర్‌లో పశువుల దాణా పరీక్షించే చిన్న ల్యాబులో గాజుసామాను కడిగేది కాంతమ్మ. అక్కడి చీకటిగది అంటే ఆమెకు ఎప్పుడూ జంకే. నీలిదీపం వేయగానే తన తెల్లచీర దానంతటదే వెలిగేది. అది సబ్బు వెలుగని ల్యాబు నడిపే వేదవతి మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా, లోపల మనిషి లేకుండా చీరొక్కటే నిలబడ్డట్టు ఉండేదట.

బూజు విషం తగిలిన గిన్నెలను తొడుగులు వేసుకుని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాలి. ఆపైన దీపం కింద చూడాలి. నీలంగా మెరిస్తే మళ్లీ నానబెట్టాలి. పదేళ్లలో ఆమె ఒక్క గిన్నెనూ వదల్లేదు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, లారీల్లేవు. మూతపడ్డ ల్యాబులో పల్లీచెక్క బస్తాకు చెమ్మ తగిలి ఆకుపచ్చని నూగు పట్టింది. పారేయమన్నారు. కానీ అల్మాస్‌గూడలో ఆమె పక్కింటి సైదులు బర్రె మేత లేక బక్కచిక్కుతోంది. కాంతమ్మ మనవరాలు జాస్మిన్ తాగేది దాని పాలే. ఆమె బూజు దులిపి, కడిగి, కుతకుత ఉడికించి చెక్కను సైదులుకిచ్చింది. మరిగాక ఇంకేం మిగులుతుందిలే అనుకుంది.

వారానికి ల్యాబు తెరిచారు. మాటల్లో ఆ సంగతి చెబితే మేడమ్ చేతిలో పని ఆగిపోయింది.

“మరిగిస్తే బూజు చస్తుంది కాంతమ్మా, అది కక్కిన విషం చావదు. పాలల్లోకి దిగుతుంది. తాగగా తాగగా కాలేయాన్ని తినేస్తుంది. ఇప్పుడు పైకేమీ కనబడదు, అదే దాని గుణం.”

మర్నాడు కాంతమ్మ చెంబుతో పాలు తెచ్చింది. మేడమ్ వాటి సారం తీసి, గాజుపలక మీద పాకించి, దీపం వేసింది. చీకట్లో ఒక చుక్క నీలంగా కన్ను తెరిచింది. మొన్నటిదాకా జాస్మిన్ మూతికి అంటిన పాలవి.

కాంతమ్మ తిరిగి అల్మాస్‌గూడ వెళ్లేసరికి సైదులు పాలు పిండుతున్నాడు. బర్రె నున్నగా తేరుకుంది. దాన్ని చూస్తేనే ఆమెకు ఎక్కువ భయమేసింది.

“ఇంత తెల్లటి పాలల్ల విషమా? గా ల్యాబుల జేసి జేసి నీకు దిమాక్ ఖరాబైందక్కా” అని అతను నవ్వాడు.

“తప్పు నాదే తమ్మీ. ఒక వారం పాలు గుంతల పొయ్యి. మల్ల పరీక్ష చేపిచ్చినంకనే ఎవ్వరికైనా పొయ్యాలె.”

అతను నవ్వుతూనే ఉన్నాడు. కాంతమ్మ సంచిలోంచి తొడుగులు తీసి వేసుకుంది, ముక్కుకు గుడ్డ కట్టుకుంది, మిగిలిన చెక్క మీద బ్లీచింగ్ నీళ్లు పోసింది. ఒట్టి చేతులతో అన్నం కలిపినట్టు ఆ చెక్కను కలిపి పెట్టినవాడు సైదులు. తన చేతులవైపు చూసుకున్నాడు. గుంత తవ్వి పాలబిందె వంచాడు.

కోడి ఒకటి ఆ పాలతడి దగ్గరికి వచ్చింది. కాంతమ్మ తోలింది. అది మళ్లీ వచ్చింది.