వినిపించని గీతలు

2022లో కరీంనగర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సర్వర్లు చూసుకునేవాణ్ని. మెట్‌పల్లి నుంచి స్వరూప అనే అమ్మాయి మూడు నెలల ట్రయల్ మీద నా దగ్గర పనికి చేరింది. ఇంటర్ తర్వాత ఆమెకు చూపు పూర్తిగా పోయింది. తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో పనిచేసేది.

మా పనంతా కమాండ్లు టైప్ చేయడమే. ఏ కమాండ్ ఎలా రాయాలో మాన్యువల్ పేజీలో ఉంటుంది. అందులో చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నది అవసరమైతేనే రాయాలి. నిలువు గీతలతో విడదీసిన మాటల్లో ఏదో ఒక్కటే రాయాలి.

స్వరూప కమాండ్లు రోజూ తప్పేవి. మొదట్లో రెండు మూడు సార్లు నన్ను అడిగింది. పేజీలోనే ఉంది, సరిగా చదువుకొమ్మన్నాను. తర్వాత అడగడం మానేసింది. మధ్యాహ్నం అందరూ కలిసి బయటికి పోతే, ఆమె సీటు దగ్గరే డబ్బా విప్పుకునేది. నేను సర్వర్ గదిలో ఒక్కణ్నే తినేవాణ్ని. ఇద్దరం కలిసి తినవచ్చని నాకు తోచనే లేదు.

రెండో నెలాఖరున, ఆమెకు పని పట్టుబడలేదని మేనేజర్‌కు రిపోర్టు పంపాను. మర్నాడు చూస్తే, సర్వర్‌లో నడిచే ఒక సర్వీసును ఆపడానికి స్టార్ట్, స్టాప్, రీస్టార్ట్ మూడూ వరసగా టైప్ చేసి ఉంది.

"మూడింట్ల ఒకటే రాయాలె గదమ్మా. నడుమ గీతలున్నయి గద," అన్నాను.

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. "గీతలున్నయా సార్? నాకు ఏ గీతా వినరాలే."

హెడ్‌ఫోన్ తీసుకుని విన్నాను. స్క్రీన్ రీడర్ మాటలు మాత్రమే చదివి, బ్రాకెట్లనూ గీతలనూ వదిలేస్తోంది. సెట్టింగు మార్చి గుర్తులన్నీ చదివేలా చేశాం. ఆ పేజీని ఆమె మొదటి నుంచి మళ్లీ వింది.

"నాకే తెలివి లేదనుకున్న సార్. ఇంట్ల గూడ గట్లనే చెప్పిన," అంది.

సాయంత్రానికల్లా తప్పిన కమాండ్లన్నీ సరిచేసింది. తప్పు నాదని మేనేజర్‌కు రాశాను. నా రిపోర్టు చూడగానే ఆ సీటుకు వేరొకరిని ఖాయం చేశామన్నారు. మిగిలిన నెల స్వరూప ఒక్క పొరపాటు లేకుండా పనిచేసి వెళ్లిపోయింది. బస్సెక్కించడానికి నేనే వెళ్లాను.

"జర ముందుగాల అడిగితే మంచిగుంటుండె సార్," అంది. ఎవరు అడగాల్సిందో చెప్పలేదు.

ఇప్పుడు ఎవరైనా అర్థం కాలేదంటే, నీదాకా ఏం చేరిందో చెప్పమని ముందు అడుగుతాను. ఆ రెండు నెలలూ స్వరూప కుర్చీ నా కుర్చీకి నాలుగడుగుల దూరంలోనే ఉండేది.