వెనక లేని ప్రభ

మా ఆయన పెదకోటయ్యకు కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలకు లైట్లు కట్టడం తప్ప మరో లోకం తెలియదు. శివుడి మొక్కుకి వెదుళ్లతో కట్టే ఆకాశమంత ప్రభకు ఒళ్లంతా బల్బులు నింపి, తను మాత్రం దాని వెనక జనరేటర్ పక్కన కూర్చుంటాడు. ఏ వైరు తెగినా పరిగెత్తాలి కదా. ముందు వైపు ఎలా ఉందో ఏటా నేను చెబితేనే తెలుసుకుంటాడు.

అలాంటి మనిషిని నరసరావుపేటలో కొత్త పార్కు కడుతున్న ఇంజనీరు చక్రధర్ పిలిచాడు. పైపుల్లోంచి నీళ్లు తెరల్లా పడాలట, వాటి మీద రంగుల లైట్లు వెలగాలట. జనం ఆ తెరల మధ్యకు నడవాలి. మనిషి వచ్చిన చోట నీళ్లు ఆగి, దాటాక మళ్లీ పడాలి.

“ప్రారంభం రోజు జనం లోపలికి నడిస్తే ఉంచుతాం కోటయ్యగారూ. లేదంటే పీకేసి మామూలు ఫౌంటెన్ పెట్టేస్తాం” అన్నాడు.

ఆ రోజు మా ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

“ఏమే గోపికా, దానికి వెనకేదే?”

“వెనకేంది?”

“చుట్టూ జనమే తిరిగితే వెనక ఎటు? నేనెక్కడ కూసోవాలి?”

“నా నెత్తిన కూసో!” అన్నాను. ఒళ్లు మండిపోయింది నాకు. పెరడంతా పైపులు పరిచి, నేను ఆరేసిన బట్టలన్నీ తడిపి, అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగాడు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు పాపం.

ప్రారంభం సాయంత్రం మోటారు వేయగానే నీళ్లన్నీ రంగులయ్యాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. పైకి చూశాక మాత్రం తల బాదుకున్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు! పైపులు బిగించిన చట్రం పైన ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోక, ప్రభకు పెట్టినట్టే బల్బులతో మూడు విభూతి రేఖలు దిద్దేశాడు. ఇంకేముంది, జనం చెప్పులు విడిచి దూరంగా నిలబడి దండాలు పెట్టారు. పక్కింటి నాగమ్మత్త టపీమని కొబ్బరికాయ కొట్టింది.

“ఇది ప్రభ కాదత్తా, లోపలికి పో!”

“ఏం మాటలే అయి? దేవుడి ప్రభలోకి తొక్కుకుంటా పోతారా ఎవరన్నా?”

ఒక్కరూ కదల్లేదు. చక్రధర్ మొహం మాడిపోయింది. నేను మా ఆయన్ని వెతుక్కుంటూ వెళ్తే, పార్కు చివర మోటారు గది వెనక బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు.

“ఏమయ్యా, ఆడ కొంప మునుగుతుంటే…”

“ముందు ఎట్టా ఉందే?” అన్నాడు ఆశగా.

నా కోపం అక్కడే చచ్చిపోయింది. ఇన్నేళ్లూ ఊరందరికీ చూపించినవాడు, తను మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

“మోటారు దగ్గర ఎవరుంటారే?”

“కాసేపు దానంతటదే తిరుగుద్దిలే, రా!”

నీటి తెరల దగ్గర ఆయనా చెప్పులు విడిచాడు. మా ముందు నీళ్లు ఆగాయి, మేం దాటాక పడ్డాయి. నాలుగు దిక్కులా వెలుగే. మా ఆయన ఎటు చూడాలో తెలియక గుండ్రంగా తిరిగాడు. కళ్లల్లో నీళ్లు.

“ఏమే, ముందెటే?”

“అంతా ముందేనయ్యా” అన్నాను.

“కోటయ్యే లోపలికి పోయాక మనకేంది?” అంటూ కొబ్బరిచిప్ప పట్టుకుని నాగమ్మత్త లోపలికి అడుగేసింది. ఆమె వెంట జనమంతా వట్టికాళ్లతో వచ్చేశారు. మా ఆయన అదేదీ గమనించలేదు, ఇంకా పైకే చూస్తున్నాడు.