వేరుశనగ చేన్లో ఇంగ్లీషు మాటలు

2023 ఆగస్టు. రాయదుర్గంలో ఒక కిరాణా కొట్టు మిద్దె మీద నా ఇంగ్లీషు ట్యూషన్ గది. ఏడో తరగతితో బడి మానేసి, డిక్షనరీ ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి. అందుకేనేమో, బరువైన మాటలు బట్టీ పట్టించి పిల్లల్ని హడలగొట్టే కోచింగ్ సెంటర్లంటే ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

బెళుగుప్ప వైపు నుంచి సుజాత వచ్చింది, తండ్రి ఓబులేసుతో. అగ్రికల్చర్ డిగ్రీ చదివిన పిల్ల. కరువు ప్రాంతాల్లో పనిచేసే ఒక సంస్థలో ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగానికి ఒకసారి ఇంటర్వ్యూకు వెళ్లి, ఇంగ్లీషులో నోరు పెగలక తిరిగొచ్చింది. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలవరు.

"మీ ఊళ్లో వాన సంగతి ఇంగ్లీషులో చెప్పమ్మా" అన్నాను.

"ప్రెసిపిటేషన్ ఈజ్ డిప్లోరబుల్ అండ్ లుగుబ్రియస్, సార్."

ఓబులేసు నా వైపు తిరిగాడు. "ఏం సార్, వాన పడినట్లా, పడనట్లా?"

"నాకే తెలీలేదప్పా! ఈ మాటలు యాడ నేర్చుకుంటివమ్మా?"

"కోచింగులో సార్. దినామూ ఇన్ని అని అప్పజెప్పించుకునేవాళ్లు."

మా వృత్తిలో పాసివ్ వొకాబులరీ అంటే చదివితే అర్థమయ్యే మాటలు. యాక్టివ్ అంటే అవసరానికి నోటికొచ్చేవి. ఆమె దగ్గర మొదటిది గోతాలకొద్దీ ఉంది, రెండోది పిడికెడు లేదు.

వాన పడగానే మా వైపు ఎవరూ విత్తనం పట్టుకుని పరుగెత్తరు. చేన్లో చేత్తో తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చూస్తారు. చాలినంత దిగితే పదునైందంటారు. పైతడికే వేస్తే మొలక మాడిపోతుంది. మాటకూ అదే పరీక్ష పెట్టాను. క్లాసును వాళ్ల వేరుశనగ చేన్లోకి మార్చాను. ఏ మాటైనా ముందు చేన్లో చూపించాలి. దానితో జతగా నడిచే మాటలు, అంటే కాలొకేషన్, చెప్పాలి. తర్వాత ఆ మాటే వాడకుండా అదే సంగతి చెప్పాలి.

ఆమె "స్టంటెడ్" అని గిడసబారిన చెట్టును పీకి చూపింది. ఎండకు బిగుసుకున్న పైమట్టిని గోటితో గీకి "క్రస్ట్" అంది. ఇంకో రోజు నేను అడక్కుండానే, "ద పెగ్స్ కాంట్ పెనెట్రేట్ ద క్రస్ట్" అంది. పెగ్స్ అంటే పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే ఊడలు.

"ఏమంటాండాది సార్ మా యమ్మి?" గట్టు మీద నుంచి ఓబులేసు.

"నీ చేను సంగతే. మట్టి గట్టిపడి ఊడలు దిగలేదంటాండాది."

"ఇంగ్లీషులో గూడా దిగలేదా సార్?"

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ పిల్ల మనసారా నవ్వడం అప్పుడే చూశాను.

ఇంటర్వ్యూ ముగించుకుని నేరుగా నా గదికే వచ్చింది.

"వానొచ్చినాక గూడా పంట యాల పోయిందని అడిగినారు సార్. చెప్తా చెప్తా పదును అనే మాట కాడ ఆగిపోతి. దానికి ఇంగ్లీషు మాట తెలీలే."

"మల్ల?"

"మా నాయన చేను తవ్వి చూసేది చేత్తో చూపిస్తా, వచ్చిన మాటలతోనే చెప్తిని. ఒగాయన పెన్ను పక్కన పెట్టేసి, ఇంగా చెప్పమ్మా అన్నాడు."

ఉద్యోగం వచ్చింది.

తెలియని మాట అడ్డొచ్చినప్పుడు ఆగకుండా దాని చుట్టూ తిరిగి చెప్పగలగడమూ పదసంపదే. ఆ ధైర్యం మనకు బాగా తెలిసిన పనిలోంచి పుడుతుంది. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా "నీకు ఏం పని వచ్చు?" అనే మొదట అడుగుతాను. కుట్టుపని వస్తే కత్తెర దగ్గర, బండి రిపేరు వస్తే ఇంజను దగ్గర మొదలుపెడతాం. నిన్న గుమ్మఘట్ట నుంచి గొర్రెలు కాసే ఆమె చేరింది. నా మోకాళ్లు సహకరించకపోయినా రేపు పొద్దున ఆమె మందతో పాటు గుట్టెక్కాలి.