మడమ అరిగిందాకా

మా మామయ్య బతుకంతా పిండిలోనే గడిచింది. రొట్టెల పిండి అనుకునేరు, ప్లాస్టర్ పిండి. మొదట పదకొండేళ్ళు ఆసుపత్రిలో విరిగిన ఎముకలకు పిండికట్లు వేశాడు. ఆ తర్వాత మ్యూజియంలో చేరి ఇరవై ఎనిమిదేళ్ళుగా పగిలిన విగ్రహాలకు ముక్కులూ చెవులూ అతుకుతున్నాడు, కావలసినప్పుడు కొత్త బొమ్మలు చేస్తున్నాడు. అదే మ్యూజియంలో బొమ్మల కింద పెట్టే చీటీలు రాయడం నా ఉద్యోగం. ఏ దేవుణ్ణయినా అరవై మాటల్లో ఇరికించమంటే నాకు ప్రాణం మీదికి వస్తుంది. ఆయనకైతే రోజు మొత్తానికి ఆరు మాటలు చాలు.

ఆయనకు ఒక్కతే కూతురు. బడిలో లెక్కలు చెబుతుంది. ఇంట్లో అందరం పిట్ట అంటాం. ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంటుంది, ఆ కాలు రెండంగుళాలు పొట్టి. దానికి ఎత్తు మడమ బూటు మామయ్యే చేస్తాడు. ఎంత గట్టిగా చేసినా ఆ మడమ బయటివైపు అరిగిపోతుంది. ఆరు నెలలకొకసారి పిట్ట పాత బూటు తెచ్చి బల్ల మీద పెడుతుంది, ఆయన పక్కన కొత్తది పెడతాడు. తండ్రీ కూతుళ్ళ మాటామంతీ అంతా అదే. ఆ అవిటితనం పుట్టుకతో వచ్చిందని చుట్టాలందరం అనుకునేవాళ్ళం. మా అత్తయ్య అయితే అలా నమ్ముతూనే పోయింది.

ఈ ఏడు మా పెద్దాఫీసరుకి ఒక ఆలోచన పుట్టింది. మట్టితో మనుషుల్ని చేసిన దేవుళ్ళకు ఒక గది పెట్టాలట. ఆఫ్రికా యోరుబాల ఒబాతలా, గ్రీకుల ప్రొమీథియస్, ఇద్దరూ పక్కపక్కన. పుస్తకాలు తిరగేస్తే మధ్యలో అంత సముద్రం ఉన్నా ఇద్దరూ ఒకే తానులో ముక్కల్లా కనిపించారు. ఇద్దరూ మట్టి పిసికి మనుషుల్ని చేశారు. ఇద్దరికీ ప్రాణం పొయ్యడం మాత్రం చేతకాలేదు. అక్కడ ఆకాశ దేవుడు ఓలోరున్, ఇక్కడ అథీనా దేవత వచ్చి ఊపిరి ఊదారు. అన్నిటికన్నా నాకు నవ్వొచ్చిన సంగతి, ఇద్దరూ తాగి పనిలో కూర్చున్నారు. ఒబాతలా కల్లు తాగి చేసినవాళ్ళు వంకర కాళ్ళతో, గూని వీపులతో వచ్చారట. ప్రొమీథియస్ విందులో తాగొచ్చి ఒకరి అవయవాలు ఇంకొకరికి తగిలించాడట. అక్కడితో గ్రీకాయన కథ సరి. ఒబాతలా మాత్రం మత్తు దిగాక తను చేసింది చూసుకుని, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకుని, ఆ వంకరవాళ్ళకు అండగా ఉండిపోయాడు.

నవ్వుతాడేమోనని ఒబాతలా చీటీ మామయ్యకు చదివి వినిపించాను. ఆయన ఒబాతలా బొమ్మకి మట్టి పిసుకుతూనే, ఒట్టు ఉంచి తాగుడు తీసెయ్యమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా రాతల్లో వేలు పెట్టనివాడు ఆ మ్యూజియంలో లేడు. తాగకపోతే ఒట్టెందుకు పెట్టుకున్నాడని జనం అడగరా అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఈయనకెందుకీ బాధ అనుకున్నానే గానీ, అంతకు మించి ఏమీ తట్టలేదు.

ఆయన తడిగుడ్డ తీసి బొమ్మ మీద కప్పాడు.

"పిట్ట కాలికి పుట్టుకతో వచ్చిన వంకర కొంచెమే. కట్లతో పోయేది. మూడో కట్టు నేను తాగి వేశాను."

పిండిలో నీళ్ళెన్ని పొయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు. కట్టు బిగుతైంది. కట్టు వేశాక గంటగంటకీ వేళ్ళ రంగు చూడాలని కొత్తవాళ్ళకు నేర్పేది ఆయనే. ఆ రోజు పిల్లను ఇంటికి తెచ్చి తను పడుకున్నాడు. గుక్కపట్టి ఏడుస్తోందని అత్తయ్య లేపితే, కొత్త కట్టు కదా, అలవాటవుతుందిలే అన్నాడు. సాయంత్రం కోసి చూస్తే వేళ్ళు నల్లగా ఉన్నాయి. అత్తయ్యకు మాత్రం పుట్టుకతో వచ్చిన జబ్బే ముదిరిందని చెప్పాడు. మర్నాడే ఆసుపత్రి మానేశాడు. అప్పట్నుంచి చుక్క ముట్టలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పిట్టకు చెప్పావా అని అడిగాను.

"చెబితే బూటు తేవడం మానేస్తుంది," అన్నాడు.

చీటీలో తాగుడు మాట నేను తియ్యలేదు. తీసి ఉంటే బాగుండేదేమో, ఇప్పటికీ తెలియదు.

గది తెరిచిన రోజు పిట్ట వచ్చింది. మామయ్యా నేనూ అక్కడే ఉన్నాం. ఒబాతలా దగ్గర ఆగి చీటీ రెండుసార్లు చదివింది. తర్వాత బొమ్మ చూసింది. ఒబాతలా ఒళ్ళో సగం చేసిన మట్టి మనిషి. ఎడమ పాదం లోపలికి తిరిగి, చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. పిట్ట పదిమందిలో ఎన్నడూ మేజోడు విప్పి ఎరగదు. ఆ వేలు అలా ఉంటుందని కొలతలు తీసుకునే మనిషికే తెలుసు.

"ఇది నా కాలు కదా నాన్నా. ఇక్కడెందుకు పెట్టావు?"

మామయ్య చెప్పాడు. నాకు చెప్పిన మాటలే, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. జనం మా పక్కనుంచే వెళ్తున్నారు. పిట్ట అంతా విని, నా వైపు తిరిగి ఒబాతలా బొమ్మను చూపించింది.

"వదినా, ఆయన తాగి చేసినవాళ్ళు ఆయన్ని ఏమన్నారు?"

ఎక్కడా రాసి లేదన్నాను. నిజంగానే లేదు. ఒట్టు సంగతి రాసినవాళ్ళున్నారు గానీ, వంకర కాళ్ళవాళ్ళను పోయి అడిగినవాడు నాకు తగల్లేదు.

మామయ్య చెయ్యి చాచాడు. బూటు ఇవ్వు, మడమ చూస్తానన్నాడు.

"వద్దు నాన్నా. ఇది అరిగిందాకా వేసుకుంటాను. తర్వాత చూద్దాం."

ఇది జరిగి నాలుగు నెలలైంది. పిట్ట ఆదివారాలు ఇంటికి వస్తూనే ఉంది. అన్నం తింటుంది, కాసేపు కూర్చుంటుంది, వెళ్తుంది. అది గుమ్మంలోకి రాగానే మామయ్య ముఖం చూడడు, మడమ చూస్తాడు. నాకూ అదే అలవాటైంది. బయటివైపు ఇంకా గోరంత మందం రబ్బరు ఉంది.

మొన్న పనిలో ఉండగా నన్ను పిలిచాడు. ఏదో బొమ్మ సంగతి అనుకుని వెళ్ళాను.

"ఆ మడమకి ఇంకాస్త గట్టి రబ్బరు వేసి ఉండాల్సింది," అన్నాడు.