గుర్రమెక్కిన హీరోకు మా నాయన చెప్పిన డైలాగు

దోస్తులారా, దొరికింది! ఇన్నేళ్ళుగా నేను వెతుకుతున్న ఆ నలుపు తెలుపు కౌబాయ్ సినిమా నిన్న మా అమ్మాయి టీవీలో పెట్టింది. ఆ దుమ్ము, ఆ తెల్ల టోపీ, ఆ గుర్రం కనబడగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను!

మీకూ గుర్తుందా? మన సికింద్రాబాద్ టాకీసుల్లో ఇంగ్లీషు సినిమా ఆడితే, నేల టికెట్టులో ఎవరో ఒకరు కథంతా తెలుగులో చెప్పేవారు. మా వరుసలో ఆ పని మా నాయనది. మెట్టుగూడ దగ్గర రైలింజన్ల షెడ్డులో కూలీ, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆయన చొక్కాకు అంటిన బొగ్గు వాసన పీలుస్తూ, పల్లీలు నములుతూ, చెప్పిందల్లా నమ్మేవాణ్ణి.

ఈ సినిమా చూసినప్పుడు మా అమ్మ దవాఖానాలో ఉంది. సినిమా చివర హీరో గుర్రమెక్కి ఒంటరిగా వెళ్ళిపోతున్నాడు.

"ఏడికి పోతుండు నాయనా?"

"ఆళ్ళమ్మకు నయమైందంట బిడ్డా. ఇంటికి తోల్కొస్త అంటుండు."

"మరి మనమెప్పుడు తోల్కొద్దాం?"

"మనం సుత గిట్లనే. జెర ఆగు," అని నా తల నిమిరాడు.

అమ్మ ఇంటికి రాలేదు.

నిన్న ఆ సీను రాగానే ఇదంతా మా అమ్మాయికి సంబరంగా చెప్పాను. అది వింతగా చూసింది. "నాన్నా, ఆ హీరో అసలు నోరే తెరవలే కదా!"

మళ్ళీ పెట్టించుకున్నాను. నిజమే. గుర్రం డెక్కల చప్పుడు తప్ప ఒక్క మాట లేదు.

సౌండు తీసేయమని ఇంకోసారి చూశాను. మా నాయన గొంతు ఎంత స్పష్టంగా వినిపించిందో!